విశ్వాసమునకు సాక్ష్యమేది?

ఒక మనుష్యుడు భగవంతుని నమ్మియున్నాడనుటకు సాక్ష్యమేది? న్యాయస్థానములలో జీవితమును గడపుచున్న మావంటివారికి ఈ ప్రశ్న ఈ రూపముననే తోచుట సహజము. నమ్మితినని యతడే చెప్పుచున్నాడు గదా యందురేమో. తన పక్షమున తాను చెప్పుకొను మాటకు ఎంతపాటి విలువ యుండునో మనమందరము నెరుగుదుము. ఆదివారము తప్పక దేవాలయమునకు పోవుచున్నాడు, ఉపవాసములుండుచున్నాడు, గ్రంథపఠనము చేయుచున్నాడందురేమో; అవియు నతని పక్షపు సాక్ష్యములే. అవి యబద్ధములని మేమనుట లేదు. అతనికి నష్టమేమియు కలిగింపని సాక్ష్యములని మాత్రమే యనుచున్నాము. 1872 నాటి సాక్ష్యచట్టమునందును, దానికి బదులుగా 2024 వ సంవత్సరమున అమలునకు వచ్చిన క్రొత్త చట్టమునందును ఒక చక్కని సూత్రము గలదు. మృతుడైన యొకడు తాను జీవించియున్న కాలమున తన ధనమునకో తన హక్కునకో భంగకరమగు మాట చెప్పియుండిన యెడల, ఆ మాట సాక్ష్యముగా స్వీకరింపబడును. తనకు నష్టము తెచ్చు నబద్ధమును ఎవడును ఊరక చెప్పడనుట దీని యంతరార్థము. మతవిషయమునను ఇంతకంటె మంచి పరీక్ష మాకు కనబడలేదు.

ఈ పరీక్షకు మేము క్రైస్తవమత చరిత్రమును ఎన్నుకొనుచున్నాము. ఆ మతమును స్తుతించుటకును గాదు, దూషించుటకును గాదు. ఆ మతస్థులలో పలువురు తమ దినచర్యలను, సభానిర్ణయములను, క్రయవిక్రయ పత్రములను మిక్కిలి శ్రద్ధతో భద్రపరచిరి. సాక్ష్యము లిఖితరూపమున నున్నచోట విచారణ సులభము. ఇంతేగాక, ఆరాధనకంటె దయయు న్యాయమును గొప్పవను మాట ఆ మతమునకు వెలుపలివారు కల్పించి యారోపించినది కాదు. దాని మూలగ్రంథములయందే యున్నది. అనాథల వ్యాజ్యెమును విననొల్లని ప్రజలు చేయు పండుగలు దేవునికి రోత పుట్టించునని ఆమోసు, యెషయా మొదలగు ప్రవక్తలు ఖండితముగ చెప్పియున్నారు. మత్తయి సువార్తలో అంతిమ తీర్పు వర్ణింపబడిన ఘట్టమున, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట, వస్త్రహీనునికి వస్త్రమిచ్చుట, చెరసాలలోనున్నవానిని చూడబోవుట, ఇవియే లెక్కకు వచ్చుచున్నవి. ఎవడెన్ని మారులు ప్రార్థించెనను విచారణ అక్కడ లేనే లేదు.

లూకా సువార్తలోని సమరయుని కథ ఎల్లరు నెరిగినదే. అయినను ఆ కథకు కారణమైన ప్రశ్నను వేసినవాడు ధర్మశాస్త్రము నెరిగిన యొక న్యాయవాది యని మా వృత్తివారు సాధారణముగ జ్ఞాపకము చేసికొనరు. పొరుగువాడనగా ఎవడని యతడడిగెను. ఇది నిర్వచనమును కోరు ప్రశ్న. తన బాధ్యత ఎక్కడ ముగియునో తెలిసికొనగోరు ప్రశ్న. మేము ప్రతిదినము అడుగు ప్రశ్న. అతనికి నిర్వచనము దొరకలేదు, కథ దొరకెను. దొంగలచే కొట్టబడి దారిలో పడియున్నవాని ప్రక్కనుండి యాజకుడును లేవీయుడును తొలగిపోయిరి. యూదులచే నీచముగ చూడబడు సమరయుడొకడు గాయములు కట్టి, సత్రమునకు చేర్చి, వ్యయమును భరించెను. యాజకుడెందుచేత తొలగిపోయెనో గ్రంథము చెప్పదు. ఆ మౌనమే మాకు మిక్కిలి అర్థవంతముగ తోచుచున్నది. కారణములెన్నియైన నుండవచ్చును, అన్నియు సమంజసములే కావచ్చును.

ఈ ప్రశ్న న్యాయస్థానమునకు తిరిగి వచ్చుటయు గలదు. 1932 వ సంవత్సరమున ఇంగ్లాండునందలి ప్రభువులసభ, జింజరు బీరు సీసాలో నత్త చచ్చి పడియుండెనను స్కాట్లండు వ్యాజ్యెమును విచారించినపుడు, ఆట్కిన్ ప్రభువు ఈ ధర్మమునే తలచెను. పొరుగువానిని ప్రేమింపవలెనను మాట చట్టములోనికి ప్రవేశించునప్పటికి పొరుగువానికి హాని చేయరాదను నంతకు కుదించుకొనిపోవునని యతని భావము. అంతమాత్రము చేతనే సరకులు చేయువారికిని, ఎన్నడును తమ ముఖము చూడని కొనుగోలుదార్లకును నడుమ ధర్మబంధమేర్పడెను. అది గొప్ప తీర్పే. అయినను కథలోని సమరయుడు ఆ తీర్పు ప్రకారము ఏమియు చేయనక్కర లేదు. ఆ గాయములు అతడు చేసినవి కావు గదా!

ఇక సాక్షులను పిలుతము.

జాన్ న్యూటన్ ఇంగ్లీషు నావికుడు. 1748 వ సంవత్సరమున నడిసముద్రమున గాలివాన పట్టినపుడు అతనికి దైవభక్తి యుదయించెను. తరువాత 1750 మొదలు 1754 వరకు అతడు బానిసల నోడలకు అధిపతియై, ఆఫ్రికా తీరమున మనుష్యులను కొని అట్లాంటిక్ సముద్రమును దాటించి అమ్మెను. ఈ కాలమున నతడు భక్తిని విడనాడెనా? లేదు. ఆదివారమున నావికులను కూర్చుకొని ఆరాధన నడపెను, ఒంటరిగ ప్రార్థించెను, ధ్యానించెను. పైకప్పుమీద దైవప్రార్థన, దాని క్రింది చీకటి కొట్లలో సంకెలలతో నరులు. అతడు కపటి యైనచో మనకీ కథతో పని లేకుండును. కపటిని ఖండించుట కెవరికిని శ్రమ లేదు. అతడు నిష్కపటుడు. ఆ భక్తి నిజమైనది. ఆ వ్యాపారమును నిజమైనదే. రెండును ఒకదాని నొకటి తాకలేదు. 1754 లో అతడు సముద్రయానమును మానుటకు కారణము జబ్బు గాని ధర్మసందేహము కాదు. తరువాత మతగురువై, నేటికిని లోకమంతట పాడబడు 'అమేజింగ్ గ్రేస్' కీర్తనను రచించెను. ఆ వ్యాపారమును ఖండించుచు అతడు పుస్తకమును ప్రకటించినది 1788 లో. అనగా ఓడను విడిచిన ముప్పది నాలుగేండ్లకు! ఆ పుస్తకమున తన్ను తాను దాచుకొనకుండుట అతనికి గౌరవమే. కాని ఆ ముప్పది నాలుగేండ్లలో అతడు చేసిన ప్రార్థనలెన్ని యుండునో యని తలచినపుడు మనస్సు కలత చెందక మానదు.

వ్యక్తులమాట అట్లుండ సంస్థల సంగతి చూడుడు. ఇంగ్లాండునందు 1701 లో సువార్తా ప్రచారమునకై యొక సంఘము రాజశాసనముచే స్థాపింపబడెను. 1710 లో కాడ్రింగ్టన్ అను ధనికుడు మరణించుచు బార్బడోస్ ద్వీపమునందలి తన రెండు చెరకుతోటలను, వానిలోని బానిసలతో గూడ, ఈ సంఘమునకు వ్రాసి యిచ్చెను. సంఘమువారు స్వీకరించిరి. కొంతకాలము అచ్చటి బానిసల రొమ్ములపై కాల్చిన యినుముతో 'సొసైటీ' అను ముద్ర వేయబడుచుండెను. ఎవరి సొత్తో తెలియవలెను గదా! 1833 నాటి చట్టముచే బానిసత్వము రద్దయినపుడు, నష్టపరిహారముగ 8,800 పౌనులకు పైగా సంఘమునకు ముట్టెను; విముక్తులైనవారికి ఒక్క పెన్నీయైనను ముట్టలేదు. 2006 లో ఇంగ్లాండు చర్చి మహాసభ ఈ విషయమై క్షమాపణము కోరుచు తీర్మానించెను. తోటలలో బోధకులుండిరి, జ్ఞానస్నానములు జరిగెను, ఆ రాబడితో కళాశాలయు వెలసెను. ఆచారమునకు లోటు లేదు.

మా మూడవ సాక్షి జాన్ వూల్మన్. ఇతని పేరు మన దేశమున తక్కువగ వినబడును. కాబట్టి కొంచెము నిదానముగ చెప్పుదుము.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున 1720 లో నితడు జన్మించెను. క్వేకరులను శాఖకు చెందినవాడు. ఆ శాఖవారికి గురువులు లేరు, జ్ఞానస్నానము లేదు, రొట్టె ద్రాక్షారసముల సంస్కారము లేదు. కొందరు కూడి మౌనముగ కూర్చుండుటయే వారి యారాధన. ఇరువది యొకటవ యేట నితడు మౌంట్ హాలీ యను గ్రామమున నొక దుకాణదారునొద్ద గుమాస్తాగ చేరెను. ఆ దుకాణదారుని యింట ఆఫ్రికా జాతి స్త్రీ యొకతె బానిసగ నుండెను. ఒకనాడతడు ఆమెను అమ్మివేసి, కొన్నవాడు వేచియున్నాడు, విక్రయపత్రము వ్రాయుమని వూల్మనునకు చెప్పెను. కొన్నవాడు వృద్ధుడు, క్వేకరే. యజమాని యాజ్ఞ, కొనువాడు గౌరవనీయుడు, చట్టము ప్రకారము దోషము లేదు. వూల్మను మనస్సు మిక్కిలి నొచ్చెను. అయినను వ్రాసెను. వ్రాసి, బానిసలను ఉంచుకొనుట క్రైస్తవమతమునకు విరుద్ధమని తాను నమ్ముచున్నట్లు వారిద్దరి యెదుటను చెప్పెను. చెప్పినందువలన కొంత యూరట కలిగెను గాని, అప్పుడే తన్ను ఈ పనినుండి తప్పింపుడని ఖండితముగ కోరియుండిన బాగుండెడిదని యతడు తన దినచర్యలో వ్రాసికొనెను.

చదువరులు ఇచ్చట నొక్క నిమిషము నిలువవలెనని మా మనవి. లోకములో బానిసత్వమున్నదని వూల్మను ఆనాడే తెలిసికొనలేదు. పుట్టినది మొదలు చూచుచునే యుండెను. అంతవరకు అది దేశాచారము. ఆ గడియలో నది తన చేతిలోని కలమయ్యెను. దయ యనునది దూరమునుండి చూచి కన్నీరు విడుచుటతో తృప్తి పొందవచ్చును; అన్యాయమునకును తనకును గల లంకెను వెదకి పట్టుకొనునది న్యాయబుద్ధి. న్యూటనునకు కలుగనిది ఈ గుర్తింపే.

కొలదికాలమునకు మరియొక యువకుడు, అతడును క్వేకరే, బానిస విషయమైన పత్రము వ్రాయుమని కోరగా వూల్మను ఒల్లననెను. దస్తావేజులు వ్రాయుట అతనికి రాబడినిచ్చు వృత్తులలో నొకటి. పెద్దమనుష్యుల ప్రాపకమును పోగొట్టుకొనుట యువకునికి చిన్ననష్టము కాదు. ఇదియే మేము మొదట చెప్పిన సాక్ష్యము: స్వలాభమునకు విరుద్ధమైన మాట. తరువాత దుకాణము వృద్ధి పొందినకొలది అతనికి భయము కలిగి, 1756 ప్రాంతమున దానిని క్రమముగ తగ్గించుకొని, కుట్టుపనితోడను పండ్లతోటతోడను జీవించెను. వ్యాపారము బాగుగ సాగుచున్నదని దుఃఖించిన వర్తకుని మేము వేరొకని నెరుగము!

1757 లో నతడు మేరీలాండు, వర్జీనియా మొదలగు దక్షిణ రాష్ట్రములలో సంచరించెను. ఆతిథ్యమిచ్చు క్వేకరు గృహస్థులు సజ్జనులు. ఆ యిండ్లలో వండువారును వడ్డించువారును గుర్రములకు మేత వేయువారును బానిసలు. ఉచితముగ భుజించినచో కూలి చెల్లింపబడని శ్రమవలన తానును లాభము పొందినవాడగును. భుజింపనన్నచో ఆతిథ్యమిచ్చువారిని అవమానించినట్లగును. ఏమి చేయవలెను? చిన్న వెండి నాణెములను వెంట నుంచుకొని, బయలుదేరునపుడు గృహస్థునితో ఏకాంతమున మాటలాడి, ఈ ధనమును మీ బానిసలకు ముట్టజెప్పుడని యిచ్చుచు, కొన్ని యెడల తానే వారి చేతికిచ్చుచు వచ్చెను. ధనికులకు ఇట్లు ధనమిచ్చుట తనకెంత యెబ్బెట్టుగ నుండెనో యతడే వ్రాసియున్నాడు.

ఈ నాణెములనుగూర్చి మేము పలుమారు తలపోసితిమి. ఇది దానము కాదు. బానిసకు బిచ్చము వేసినచో గృహస్థుడు సంతోషించి యుండును. అతిథి దయాళువని ప్రశంసించియు నుండును. కూలి యిచ్చుట వేరు. కూలి యిచ్చుటయనగా ఈతడు శ్రమకు మూల్యము పొందదగిన మనుష్యుడనియు, ఆ మూల్యమును ఈ యింటివారు ఎగవేయుచున్నారనియు నోరెత్తకయే చెప్పుట. మన ధర్మకార్యములలో నెన్ని బిచ్చములు, ఎన్ని కూలి బాకీలు? సత్రములు కట్టించిన వారి పొలములలో కూలీల లెక్కలు ఎట్లుండెనో విచారింపవలెనని మాకు పలుమారు తోచును. దయకు కృతజ్ఞత ప్రతిఫలముగ లభించును. న్యాయమునకు విరోధము లభించును. అందుచేతనే మొదటిది సులభము.

వూల్మను సాక్ష్యము దోషరహితమని చెప్పి మా చదువరులను మోసగింపము. ఒక చనిపోయినవాని యాస్తికి నితడు కార్యనిర్వాహకులలో నొకడై, ఆ యాస్తిలోని ఒక బాలుని సేవను ముప్పది యేండ్ల ప్రాయము వచ్చువరకు అమ్మించెను. పెక్కేండ్ల తరువాత మనస్సాక్షి యొప్పక, ఆ గడువులో మిగిలిన కాలమున కొంత భాగమునకు సరిపడు మూల్యమును తానిచ్చుకొందునని ఋణపత్రము వ్రాసియిచ్చెను. పశ్చాత్తాపమునకు సాధారణముగ కన్నీరు చాలునని మనమనుకొందుము. ఇతడు దానిని దస్తావేజుగ మార్చెను. న్యాయవాదులమైన మాకు ఇది గొప్ప సంతోషము.

ఒక్కని మనస్సాక్షి సంఘమునకు ఎట్లు ప్రాకెను? అంతకు మునుపు బెంజమిన్ లే యను క్వేకరు ఘోరముగ తిట్టి, సభలలో అలజడి చేసి, 1738 లో శాఖనుండి తొలగింపబడెను. ఆ తిట్లును వృథా పోలేదని మా యభిప్రాయము. వూల్మను త్రోవ వేరు. అతడు 1754 లో బానిసత్వమును ఖండించు చిన్నపుస్తకమును అచ్చువేయించెను. 1758 లో ఫిలడెల్ఫియా వార్షిక సభ అతని ప్రేరణచే, బానిసలుగల సభ్యుల యిండ్లకు పోయి చెప్పుటకు కొందరిని నియమించెను, వారిలో నితడొకడు. ఇల్లిల్లు తిరిగెను. 1776 లో ఆ సభవారు బానిసలను విడువనొల్లని సభ్యులను తమలోనుండి తొలగింప నిశ్చయించిరి. అనగా సభకు వచ్చి మౌనముగ కూర్చుండుట చాలదు, ఇంటిలోని మనుష్యుని విడువవలెనని తీర్మానించిరి. ఆరాధనకు హాజరగుటనుబట్టి గాక న్యాయమునుబట్టి సభ్యత్వమును నిర్ణయించిన ధర్మసభలు చరిత్రలో విరళములు. అయినను, అదే శాఖవారి సభామందిరములలో కొన్నింట, పందొమ్మిదవ శతాబ్దమునందును నల్లజాతివారికి వేరు బల్ల యుండెను. సంకెలను విడగొట్టిన చేతులు ప్రక్కన చోటిచ్చుటకు జంకెను. మన సంస్కర్తలలో ఇట్టివారు లేరని చెప్పగలవారు చెప్పుదురు గాక.

ఇచ్చట కొందరు విజ్ఞులు ఆక్షేపింతురు: అట్లయిన ఆరాధన యేల? సమస్తమును విడిచి పరోపకారమే చేయరాదా? వూల్మను చరిత్రమునుబట్టియే మేము కాదనవలసి యున్నది. విక్రయపత్రము వ్రాయునపుడు నొచ్చిన ఆ మనస్సు గాలిలోనుండి పుట్టలేదు. బాల్యమునుండి మౌనమున కూర్చుండి తన్ను తాను పరీక్షించుకొను నభ్యాసమువలన మెత్తబడినది. న్యూటను ఆరాధన అతనికి శాంతి నిచ్చెను. వూల్మను ఆరాధన అతని శాంతిని చెరచెను. తేడా ఇంతయే.

అట్లాంటిక్ తీరమున జరిగినది మనకేల యనువారికి, మన గుండ్లకమ్మ తీరముననే జరిగిన సంగతి నొకదానిని జ్ఞాపకము చేయుదుము. అమెరికా బాప్టిస్టు బోధకుడగు జాన్ క్లౌ 1866 లో ఒంగోలు చేరెను. తాళ్లకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య మొదలుకొని మాదిగలు అతనియొద్దకు రాసాగిరి. వారిని చేర్చుకొన్నచో మేము రామని పై కులములవారు తెలిపిరి. ఆ బోధకుడు మాదిగలనే చేర్చుకొనెను. 1876 మొదలు 1878 వరకు ధాత కరవు వచ్చినపుడు, ప్రభుత్వమువారు కరవుపనిగ త్రవ్వించుచున్న బకింగ్‌హాము కాలువలో కొన్ని మైళ్ల భాగమును అతడు గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలాదిమందికి పనియు కూలియు నిచ్చెను. వారిలో ననేకులు జ్ఞానస్నానమిమ్మని వేడిరి. సుమారు పదునైదు మాసములు అతడు ఇయ్యనొల్లలేదు. అన్నమునకై వచ్చినవారెవరో, విశ్వాసముచే వచ్చినవారెవరో అప్పుడు తెలియదు గదా యని యతని సంశయము.

దీని గౌరవమును గుర్తింపవలెనన్న, స్వదేశమునందలి చందాదారులకు లెక్క చెప్పవలసిన బోధకునికి జ్ఞానస్నానముల సంఖ్యయే యాదాయమని మరువరాదు. చేతికందిన యాదాయమును పదునైదు మాసములు వలదనుట తన ప్రయోజనమునకు విరుద్ధమైన సాక్ష్యమే. కరవు తీరి, సహాయ ధనము పంచుట ముగిసిన పిదప, 1878 జూలై 3 వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది జ్ఞానస్నానము పొందిరి. అంతయు కరవు కూటి ఫలమేయని అప్పుడును ఇప్పుడును అనువారున్నారు. కూలి యిచ్చి ప్రాణము నిలిపినవాని దేవుడు మంచివాడై యుండునని నమ్ముట అంత హాస్యాస్పదమా? మా దృష్టిలో హాస్యాస్పదమైనది వేరొకటి గలదు. తరతరములుగ ఆ మాదిగలచే చెప్పులును కపిల బానలును కుట్టించుకొని, వారు మడుగులోని నీరు త్రాగుచుండ చూచుచు, వారు మతము మారిన దినమున మాత్రము వారి యాత్మనుగూర్చి చింతిల్లిన మన పెద్దల చింత!

ఆ చరిత్రముననే మా సిద్ధాంతమునకు ఎదురు తిరుగు అంశమొకటి యున్నది, దానిని దాచిపెట్టము. చేరినవారికి ఆ బోధకుడు విధించిన నియమములలో నొకటి ఆదివారమున పని చేయరాదనుట. ఇది కేవలము ఆచారము. న్యూటను ఓడపైని ఆదివారమునకు సోదరి. కాని ఒంగోలు ప్రాంతమున నేమి జరిగెను? కోతల కాలమున మాదిగలు ఆదివారము పనికి రాకపోగా రైతులు మండిపడిరి. కరణములును పెత్తందార్లును వారిని బెదరించిరి. బావుల నీరు నిషేధించిరి. ఏడు దినములును యజమాని యిష్టప్రకారము చాకిరి చేయవలసినవాడు ఒక్క దినము నాది యని నిలుచుట యజమానికి ధిక్కారముగ కనబడెను. ఆచారమనుకొన్నది హక్కయ్యెను. ఇది క్రొత్త యర్థమును కాదు. మోషే ధర్మశాస్త్రమున విశ్రాంతిదినము విధింపబడినచోట దాసునికిని దాసికిని పశువునకును గూడ విశ్రాంతి యుండవలెనని చెప్పబడియున్నది; మీరును ఐగుప్తులో దాసులై యుంటిరి గదా యని కారణమును చెప్పబడియున్నది. కాబట్టి ఆచారమంతయు శుష్కమని కొట్టివేయుట తొందరపాటు. ఆచారముచే ఎవని మోపు తేలికయగుచున్నదని యడుగవలెను. ఓడపైని ఆదివారము అధిపతి మనస్సును తేలిక పరచెను. గుండ్లకమ్మ తీరమున కూలివాని వీపును తేలిక పరచెను.

ఇక మా వృత్తిమాట. 1843 నాటి అయిదవ చట్టము కంపెనీవారి పాలనలోనున్న ప్రదేశములలో బానిసపై స్వామ్యమును న్యాయస్థానములు గుర్తింపగూడదని చెప్పెను. 1860 నాటి శిక్షాస్మృతి మనుష్యుని బానిసగ కొనుటయు అమ్ముటయు నేరమనెను. అయినను 1976 లో వెట్టి కార్మిక నిర్మూలన చట్టమును పార్లమెంటు చేయవలసి వచ్చెను. ఈ నూటముప్పది యేండ్లును దాస్యము ఎట్లు బ్రదికెను? అప్పు పత్రముల రూపమున బ్రదికెను. పెండ్లికో కరవునకో తీసికొన్న కొద్దిపాటి పైకమునకు తన కష్టమును, తరువాత కొడుకు కష్టమును అప్పగించు పాలేరు కాగితములు ఆకాశమునుండి రాలలేదు. వానిని ఎవరో వ్రాసిరి. ఎవరో సాక్షి సంతకము చేసిరి. ఎవరో వానిపై దావా నడపిరి. అట్లు వ్రాసినవారిలో సంధ్యావందనము మానినవారెందరు, ఆదివారపు ఆరాధన మానినవారెందరు? నేటికిని ఇటుకబట్టీలకును గనులకును బయానా పేరిట మనుష్యులు కుటుంబములతో తరలింపబడుచునే యున్నారు. కాగితము సన్నబడినది, కొన్నిచోట్ల మాయమైనది, బాకీ నిలిచియున్నది.

మేము వ్రాయువారము మాత్రమే, చేయువాడు కక్షిదారుడు, అందురు మా మిత్రులు. ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. నేరస్థునికైనను వకీలు ఉండవలెను. లేనియెడల న్యాయస్థానమే నిలువదు. ఒకని పక్షమున వాదించుట వేరు, ఒకని మెడకు వేయు త్రాటిని పేనుట వేరు. మొదటిదానిని ఎదిరి పక్షమువారు వినుచుందురు, న్యాయాధిపతి వినుచుండును. రెండవది గదిలో నిశ్శబ్దముగ జరుగును. ఎవని కొరకు పేనబడుచున్నదో యతడు అక్కడ నుండడు, ఉన్నను చదువలేడు.

వూల్మనునకు ఇట్టి గదిలోని యనుభవము మరియొకటి గలదు. అతని పొరుగువాడొకడు దెబ్బ తగిలి మంచము పట్టి, బ్రదుకుదునో లేదో యని మరణశాసనము వ్రాయుమని వేడెను. ఏ బిడ్డకేమి చెందవలెనో చెప్పుచు, తన యింటనున్న బానిస యువతి ఎవరికి చెందవలెనో గూడ చెప్పెను. వూల్మను అన్నియు గుర్తు వ్రాసికొని యింటికి పోయి, ఆ యువతిని గూర్చిన భాగమును తప్ప తక్కినదంతయు శాసనరూపమున వ్రాసెను. దానిని మంచమునొద్దకు తెచ్చి చదివి వినిపించి, తోడి మనుష్యులను బానిసలుగ చేయు పత్రమును తన మనస్సునకు బాధ కలుగకుండ వ్రాయజాలనని స్నేహపూర్వకముగ చెప్పెను. వ్రాసినంతవరకు తనకు రుసుమేమియు నక్కరలేదనెను. మిగిలినదానిని మీరు కోరినట్లు వ్రాయలేను, మన్నింపుమనెను. వారిరువురును ఆ విషయమై గంభీరముగ చాలసేపు మాటలాడుకొనిరి. తుదకు రోగి ఆమెను విడుదల చేయుట కొప్పుకొనెను. అప్పుడు వూల్మను కలమెత్తి శాసనమును పూర్తిచేసెను.